గుండె ఆగిన వేళ గీత చదవడం: బతికే అవకాశాన్ని అంచనా వేయడం ఎలా

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి. మంచం మీది మనిషికి స్పృహ లేదు, నాడి లేదు, మానిటర్ మీద గీత తిన్నగా సాగిపోతోంది. ఇక ఆశ లేదనుకున్నాను. పక్కనున్న సిస్టర్ ఏమీ మాట్లాడకుండా ఛాతీ మీది వైరు చివర పట్టుకుని లోపలికి నొక్కారు. అంతే, తెర నిండా గజిబిజి అలలు. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (వీఎఫ్), అంటే గుండె కింది గదులు లయ తప్పి వణకడం. షాక్ ఇచ్చాం. పది రోజుల తర్వాత ఆయన తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లారు. ఆ వైరును ఎవరూ ముట్టుకోకపోయి ఉంటే ఏమయ్యేదో అనే ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కార్డియాక్ అరెస్ట్‌లో ఈసీజీ గీతను చూసి మనిషి బతికే అవకాశం ఎంతో అంచనా వేయవచ్చు. చాలాసార్లు ఆ అంచనా నిజమవుతుంది కూడా. అయితే గీత మనతో నేరుగా "బతుకుతాడు", "బతకడు" అని చెప్పదు. అది చెప్పేవి రెండు సంగతులు: గుండె కండరానికి రక్తం అందక ఎంతసేపయింది, అసలు గుండె ఎందుకు ఆగింది. ఆ రెండూ తెలిస్తే మన చేతిలో ఇంకా ఏం ఉందో తెలుస్తుంది. కింద రాసిన ప్రతి అడుగూ ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతికేదే.

ఇది అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ శిక్షణ పొందిన జూనియర్ డాక్టర్ల కోసం, నర్సుల కోసం, అంబులెన్స్ సిబ్బంది కోసం రాస్తున్నాను. మీరు వైద్యరంగంలో లేకపోతే మీకు కావాల్సింది ఇంతే: ఎదుటి మనిషి కుప్పకూలి, పిలిస్తే పలక్కుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి, ఏఈడీ (షాక్ ఇచ్చే చిన్న యంత్రం) దొరికితే ఆన్ చేయండి. గీత చదివే పని ఆ యంత్రమే చూసుకుంటుంది.

1. ఆ గీత నిజమైనదేనా?

అంచనాల కన్నా ముందు ఇది. ఛాతీ నొక్కడం ఆగకుండానే వైర్లన్నీ తగిలి ఉన్నాయా, షాక్ ఇచ్చే ప్యాడ్లు చర్మానికి పూర్తిగా అంటుకున్నాయా చూడండి. మానిటర్ దేన్ని చదువుతోందో కూడా చూడండి. మీరు ప్యాడ్లు అంటించి ఉంటారు, తెర మాత్రం ఇంకా లీడ్ 2 (వైర్ల నుంచి వచ్చే గీత) దగ్గరే నిలిచి ఉంటుంది. ఆ లీడ్ వైర్లు ఎవరికీ తగిలించి ఉండవు. ఈ పొరపాటు అనుకున్నదానికన్నా ఎక్కువగా జరుగుతుంది. తర్వాత గెయిన్ (అలలను పెద్దవి చేసి చూపే అమరిక) పెంచండి, మరో లీడ్‌కి మార్చి చూడండి. కొలబద్ద పెట్టి గీసినంత తిన్నగా ఉంటే వైరునే ముందు అనుమానించాలి. నిజమైన అసిస్టోలీ (గుండెలో కరెంటే లేని స్థితి) గీత కొంచెం అటూ ఇటూ తూలుతూ ఉంటుంది.

ఛాతీ నొక్కుతున్నంతసేపూ తెర మీద పెద్ద పెద్ద అలలు వస్తాయి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతాం కాబట్టి సెకనుకు సుమారు రెండు అలలు. వాటిని గుండెవి అనుకోకండి. అసలు గీత, నొక్కడం ఆపిన ఆ కొద్ది క్షణాల్లోనే కనబడుతుంది.

కొలతలు గుర్తు చేసుకోండి: కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది, 10 మిల్లీమీటర్ల ఎత్తు ఒక మిల్లీవోల్ట్. అంటే ఒక చిన్న గడి అడ్డంగా 0.04 సెకను, నిలువుగా 0.1 మిల్లీవోల్ట్. గెయిన్ మార్చి ఉంటే ఈ లెక్క మారిపోతుంది, స్ట్రిప్ (గీత అచ్చైన కాగితపు ముక్క) మీద అది రాసి పెట్టండి. మానిటర్ గడియారం గోడ గడియారంతో సరిపోతోందో లేదో కూడా ఒకసారి చూడండి. రెండింటికీ నాలుగు నిమిషాల తేడా ఉంటే, తర్వాత మీరు వేసే ప్రతి లెక్కా నాలుగు నిమిషాలు తప్పుతుంది.

2. షాక్‌కి లొంగేదా, కాదా?

నొక్కడం ఆపి గీత చూడటానికి మీకు ఉన్న సమయం పది సెకన్ల లోపే. ఆ పది సెకన్లలో తేల్చాల్సింది ఒక్కటే: ఇది వీఎఫ్ లేదా నాడి లేని వీటీయా, లేక పీఈఏ లేదా అసిస్టోలీయా? (వీటీ అంటే కింది గదులు అతి వడిగా కొట్టుకోవడం, పీఈఏ అంటే కరెంటు ఉన్నా నాడి లేకపోవడం.) మొదటి జతకు షాక్ పనిచేస్తుంది, రెండో జతకు పనిచేయదు. బతికే అవకాశం గురించి గీత చెప్పగల సంగతుల్లో అన్నింటికన్నా బరువైనది కూడా ఇదే.

2006లో అమెరికా ఆసుపత్రుల రిజిస్ట్రీ నుంచి వచ్చిన లెక్కలు చూడండి. ఆసుపత్రిలోనే గుండె ఆగిన పెద్దవాళ్లలో మొదటి గీత వీఎఫ్ లేదా వీటీ అయినవాళ్లు మూడో వంతుకు పైగా బతికి డిశ్చార్జి అయ్యారు. పీఈఏ, అసిస్టోలీ వాళ్లలో అది దాదాపు 11 శాతమే. ఆసుపత్రి బయట రెండు అంకెలూ ఇంకా పడిపోతాయి, కానీ వాటి మధ్య దూరం అలాగే ఉంటుంది.

ఇంత తేడా ఎందుకు? వీఎఫ్‌లో కండరం ఇంకా బతికే ఉంది, తన కరెంటును తానే గందరగోళంగా ఖర్చు చేసుకుంటోంది. ఆ గందరగోళాన్ని ఒక్క దెబ్బతో ఆపితే సహజమైన లయ మళ్లీ పగ్గాలు అందుకోగలదు. పైగా వీఎఫ్ ఎక్కువసేపు నిలవదు, మెల్లగా సన్నబడి తిన్నటి గీతలో కలిసిపోతుంది. కాబట్టి మీకు వీఎఫ్ కనబడిందంటే ఆ మనిషి కూలి బహుశా ఎంతోసేపు కాలేదని కూడా అర్థం. అసిస్టోలీతో దొరికినవాళ్లలో చాలామంది ఒకప్పుడు వీఎఫ్‌లో ఉండి, ఎవరూ చేరుకోక అక్కడిదాకా వచ్చినవాళ్లే.

అందుకే మొదటి స్ట్రిప్‌ను ఎప్పుడూ పారేయకండి. ఏఈడీ వాడి ఉంటే అందులోని రికార్డు తెప్పించుకోండి. ఆసుపత్రికి చేరేసరికి అసిస్టోలీలో ఉన్న మనిషి, ఏఈడీ తగిలించినప్పుడు వీఎఫ్‌లో ఉండి ఉండవచ్చు. లెక్కకు వచ్చేది ఆ మొదటి గీతే.

3. వీఎఫ్ అయితే: అల ఎత్తు, వడి చూడండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. గీత నుంచి అంచనా కట్టే విద్యలో ఎక్కువ పరిశోధన జరిగింది ఇక్కడే.

వీఎఫ్ మొదలైన కొత్తలో అలలు పెద్దవిగా, దట్టంగా, వడిగా ఉంటాయి. దీన్నే కోర్స్ వీఎఫ్ అంటాం. నిమిషాలు గడిచేకొద్దీ కండరంలోని శక్తి నిల్వలు కరిగిపోతాయి, అలలు పొట్టివై, నెమ్మదిస్తాయి. అది ఫైన్ వీఎఫ్. సాధారణంగా శిఖరం నుంచి లోయ దాకా 0.2 మిల్లీవోల్ట్‌కు, అంటే రెండు చిన్న గడులకు పైన ఉంటే కోర్స్ అని లెక్కిస్తారు. 0.1 కన్నా తగ్గితే దాదాపు అసిస్టోలీ కిందికే వస్తుంది. మూడు సెకన్ల శుభ్రమైన ముక్క ఎంచుకుని అందులో పెద్ద అలను కొలవండి.

ఈ సన్నబడటం వెనక ఉన్న సంగతిని వైస్‌ఫెల్ట్, బెకర్ 2002లో మూడు దశలుగా చెప్పారు. మొదటి నాలుగు నిమిషాలు కరెంటు దశ: షాక్ ఒక్కటే చాలావరకు పని చేసేస్తుంది. నాలుగు నుంచి పది నిమిషాలు రక్తప్రసరణ దశ: కండరం ఆకలి మీద ఉంది, ఛాతీ నొక్కి దానికి కొంచెం రక్తం అందిస్తే షాక్ అందుకునే బలం వస్తుంది. పది దాటాక జీవక్రియ దశ: అప్పటికి కణాలే దెబ్బతిని ఉంటాయి, అవకాశం బాగా తగ్గిపోతుంది. నిమిషాల హద్దులు మనిషి మనిషికీ మారతాయి, వరుస మాత్రం మారదు.

సమయం ఎంత పదునైనదో చెప్పడానికి నేను ప్రతి కొత్త బ్యాచ్‌కీ ఒకే ఉదాహరణ ఇస్తాను. అమెరికాలో జూదశాలల భద్రతా సిబ్బందికి డీఫిబ్రిలేటర్లు ఇచ్చి, శిక్షణ ఇచ్చి, ఏం జరిగిందో 2000లో ప్రచురించారు. మనుషులు కళ్లముందే కూలిన వీఎఫ్ కేసుల్లో మూడు నిమిషాల్లోపు షాక్ అందినవాళ్లలో 74 శాతం బతికారు. మూడు దాటినవాళ్లలో 49 శాతం. గుండె ఒకటే, జబ్బు ఒకటే, యంత్రం ఒకటే. సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ వీఎఫ్‌లో బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున పోతుంది. పక్కనున్నవాళ్లు ఛాతీ నొక్కుతూ ఉంటే ఆ కోత 3, 4 శాతానికి తగ్గుతుంది.

అల ఎత్తునూ వడినీ కలిపి ఒకే అంకెగా చెప్పే కొలత ఒకటుంది, దాన్ని ఆమ్సా అంటారు. యంత్రమే లెక్కగడుతుంది, చేత్తో వేయలేం. ఇటలీ సమాచారంతో 2015లో వచ్చిన పెద్ద పరిశీలనలో ఆమ్సా 15.5 మిల్లీవోల్ట్-హెర్ట్జ్ దాటితే మొదటి షాక్ ఫలించే అవకాశం బాగా ఎక్కువగా, 6.5 లోపు ఉంటే దాదాపు విఫలమేనన్నట్టుగా కనబడింది. మీ మానిటర్ ఈ అంకె చూపిస్తే చూడండి. ఒక్క క్షణంలో వచ్చిన విలువ కన్నా, రెండు నిమిషాలు బాగా నొక్కాక అది పెరిగిందా తగ్గిందా అన్నది నాకు ఎక్కువ పనికొస్తుంది. పెరుగుతోందంటే మీ చేతులు ఆ కండరానికి రక్తం అందిస్తున్నాయి. పడిపోతోందంటే నొక్కేవాళ్లు అలసిపోయారేమో, లోతు చాలడం లేదేమో చూడండి, మనిషిని మార్చండి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. అల సన్నగా ఉంది కదా, నొక్కి పెద్దది చేశాక షాక్ ఇద్దాం అని ఆగకండి. అలల లెక్క చూసి షాక్ ఎప్పుడివ్వాలో నిర్ణయించే పద్ధతిని మామూలు పద్ధతితో పోల్చిన పెద్ద పరీక్ష 2013లో వచ్చింది, దానివల్ల ఎక్కువమంది బతకలేదు. తెర మీద ఉన్నది వీఎఫ్ అని మీకు స్పష్టంగా తెలిస్తే, ఎంత సన్నగా ఉన్నా షాక్ ఇవ్వండి. అది సన్నటి వీఎఫ్‌యో అసిస్టోలీయో తేలక పది సెకన్లు అయిపోతుంటే, వాదన ఆపి నొక్కడం మొదలుపెట్టండి, రెండు నిమిషాలకు మళ్లీ చూడండి. అల ఎత్తు అంచనాకు పనికొస్తుంది, షాక్‌ను వాయిదా వేయడానికి పనికిరాదు.

ఇంకో మాట. అల ఎత్తు గుండెను బట్టే కాదు, ప్యాడ్ ఎక్కడ పెట్టారు, ఛాతీ ఎంత మందం అన్నవాటిని బట్టి కూడా మారుతుంది. కాబట్టి ఒక మనిషి గీతను మరో మనిషి గీతతో పోల్చకండి. అదే మనిషి గీతను రెండు నిమిషాల కిందటి గీతతో పోల్చండి.

4. పీఈఏ అయితే: ఎంత వేగం, ఎంత వెడల్పు?

కరెంటు ఉంది, మోటారు తిరగడం లేదు. పీఈఏ అంటే అదే. తెర మీద చక్కటి లయ నడుస్తుంటుంది, మెడ దగ్గర నాడి ఉండదు. అసిస్టోలీతో కలిపి ఒకే గంపలో వేసి "షాక్ లేదు, ఆశ లేదు" అనుకోవడం మనలో పాతుకుపోయిన అలవాటు. నాకు ఇది చాలా బాధ కలిగించే అలవాటు, ఎందుకంటే పీఈఏలో వెంటనే సరిదిద్దగల కారణం దాగి ఉండే మనుషులు ఎంతోమంది.

ముందు వేగం లెక్కించండి. గీతలో కింది గదుల కరెంటును చూపే నిటారు మొనను క్యూఆర్‌ఎస్ అంటాం. ఆరు సెకన్ల స్ట్రిప్‌లో ఎన్ని క్యూఆర్‌ఎస్‌లు వచ్చాయో లెక్కపెట్టి పదితో గుణిస్తే నిమిషానికి ఎన్నో వస్తుంది. వియన్నాలో పీఈఏ రోగుల మొదటి గీతను వేగాన్ని బట్టి గుంపులుగా విడదీసి చూసి 2018లో ప్రచురించారు. నిమిషానికి 60 దాటినవాళ్లు నెమ్మదిగా ఉన్నవాళ్లకన్నా చాలా మెరుగ్గా బయటపడ్డారు. 30కి, 20కి దిగిపోయిన వెడల్పాటి క్యూఆర్‌ఎస్‌లు సాధారణంగా ఆఖరి దశ గుర్తులు.

తర్వాత వెడల్పు. క్యూఆర్‌ఎస్ మూడు చిన్న గడులకన్నా, అంటే 0.12 సెకనుకన్నా సన్నగా ఉంటే గుండెలోకి రక్తం రావడానికో, బయటికి పోవడానికో ఏదో అడ్డుపడుతోందని ముందుగా అనుమానించండి: గుండె చుట్టూ నీరు చేరి నొక్కేయడం, టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఛాతీలో గాలి చిక్కుకుని ఊపిరితిత్తినీ గుండెనూ నొక్కేయడం), ఊపిరితిత్తుల్లో పెద్ద గడ్డ, వెంటిలేటర్ గాలి ఎక్కువై ఊపిరితిత్తులు ఉబ్బిపోవడం, లేదా రక్తం కారిపోయి గొట్టాలు ఖాళీ అవడం. వెడల్పుగా ఉంటే కండరాన్నే ఏదో విషం పట్టిందని ఆలోచించండి: పొటాషియం పెరగడం, ఆమ్లం పెరగడం, సోడియం ఛానల్‌ను మూసేసే మందులు మితిమీరడం. ఈ విభజనను లిట్‌మన్, ఆయన సహచరులు 2014లో ప్రతిపాదించారు. ఇది కారణం వెతకడానికి దారి చూపే దీపం మాత్రమే. ముందునుంచే బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండెలో కరెంటు దారికి అడ్డు) ఉన్నవాళ్లకు ఎప్పుడూ వెడల్పుగానే ఉంటుంది, సన్నగా మొదలైనది కూడా ఆలస్యమైతే వెడల్పవుతుంది. వెడల్పు ఒక్కదాన్ని పట్టుకుని ఎవరు బతుకుతారో చెప్పబోతే దెబ్బతింటారు. పరిశీలనలు ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు.

ముఖ్యంగా పొటాషియం. పీ అలలు (పై గదుల కరెంటు గుర్తులు) మాయమై, క్యూఆర్‌ఎస్ సాగి సాగి దాని తర్వాత వచ్చే టీ అలతో కలిసిపోయి, గీత మొత్తం ఊయల ఊగినట్టు ఒకే వంకరగా కనబడితే దాన్ని సైన్ వేవ్ అంటాం. చూడటానికి చివరి శ్వాసలాగే ఉంటుంది. డయాలిసిస్ మీద ఉన్న మనిషిలో ఇది కనబడిందంటే కాల్షియం ఇచ్చి చూడండి, ఒక్కోసారి స్ట్రిప్ మీదే క్యూఆర్‌ఎస్ సన్నబడుతూ రావడం కళ్లారా చూస్తారు. ఇంత భయంకరంగా కనబడుతూ ఇంత బాగా తిరిగొచ్చే గీత ఇంకొకటి లేదని నా అనుభవం.

అల్ట్రాసౌండ్ మీ పక్కనే ఉంటే, నాడి చూసే ఆ పది సెకన్లలోనే గుండె మీద పెట్టండి. 2016లో అచ్చైన పరిశీలనలో పీఈఏ లేదా అసిస్టోలీతో వచ్చిన 793 మందిని ఇలా చూశారు. తెర మీద గుండె కాస్తయినా కదిలినవాళ్లలో 3.8 శాతం, ఏమీ కదలనివాళ్లలో 0.6 శాతం బతికి డిశ్చార్జి అయ్యారు. చిత్రం కోసం పది సెకన్లు దాటకండి. మంచి చిత్రం దొరికేదాకా అని చేతులు ఆపేస్తే ఉన్న అవకాశాన్ని మనమే తీసేసినట్టు.

5. తిన్నటి గీత అయితే

మొదటి అడుగులో చెప్పిన తనిఖీలు మళ్లీ చేయండి. తర్వాత గీతలో చిన్న చిన్న పీ అలలు వరుసగా వస్తున్నాయా చూడండి. క్యూఆర్‌ఎస్ లేకుండా పీ అలలు మాత్రమే ఉంటే పై గదులు పనిచేస్తున్నాయి, కింది గదులకు కబురు అందడం లేదు. అలాంటివాళ్లకు పేసింగ్ (బయటినుంచి కరెంటు ఇచ్చి గుండెను కొట్టించడం) పనిచేయవచ్చు. మామూలు అసిస్టోలీలో పేసింగ్‌తో ఒరిగేదేమీ లేదు.

మిగతా అసిస్టోలీల్లో అవకాశం తక్కువే, దాన్ని దాచాల్సిన పనిలేదు. ఒక మినహాయింపు మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి: చలి. 1999లో నార్వేలో మంచు కింద గడ్డకట్టే నీటిలో 80 నిమిషాలు చిక్కుకుపోయిన ఒక యువ డాక్టర్‌ను ఆసుపత్రికి తెచ్చేసరికి ఒంటి వేడి 13.7 డిగ్రీలు, గీత తిన్నగా ఉంది. ఆమెను యంత్రంతో మెల్లగా వేడెక్కించారు. ఆమె బతికింది, తిరిగి వైద్యవృత్తిలోకి వచ్చింది. గుండె ఆగకముందే ఒళ్లు బాగా చల్లబడిన మనిషిలో గీతకు మామూలు అర్థాలు వర్తించవు. థర్మామీటర్ చూడకుండా అసిస్టోలీ మీద ఏ మాటా అనకండి.

6. గీత ఎటు నడుస్తోందో రాసుకోండి

ప్రతి రెండు నిమిషాలకూ ఒక స్ట్రిప్ తీయండి. దాని మీద సమయం, గీత పేరు, అప్పటికి ఎన్ని షాకులు, ఏ మందులు రాయండి. ఒక మనిషికి ఇదొక్కటే పని అప్పగించండి. ఇరవై నిమిషాల తర్వాత ఆ పది స్ట్రిప్పులూ వరుసగా పరిస్తే ఏ ఒక్క స్ట్రిప్పూ చెప్పని కథ కనబడుతుంది. పీఈఏ వేగం 40 నుంచి 80కి ఎక్కి సన్నబడితే ఏదో సరిగ్గా చేస్తున్నారు. 80 నుంచి 30కి దిగి వెడల్పయితే కారణం ఇంకా దొరకలేదని అర్థం.

వీఎఫ్ మూడు షాకులకు లొంగకపోతే అంచనా పడిపోయిందనుకోవడం సహజం. కానీ మొండి వీఎఫ్ అంటే ఇంకా కరెంటు మిగిలి ఉన్న గుండె. అదే ప్యాడ్లతో అదే షాక్ మళ్లీ మళ్లీ ఇవ్వడం కన్నా పద్ధతి మార్చడం మేలు. 2022లో కెనడా నుంచి వచ్చిన పరీక్షలో మామూలు షాకులతో 13.3 శాతం, ప్యాడ్లను ముందూ వెనకా మార్చి పెడితే 21.7 శాతం, రెండు యంత్రాలతో ఒకదాని వెనక ఒకటి షాక్ ఇస్తే 30.4 శాతం బతికారు. ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పనిని ఒంటి బయట చేసే యంత్రం) అందుబాటులో ఉన్నచోట ముందుగానే కబురు పంపండి. 2020లో అమెరికాలో మొండి వీఎఫ్ రోగుల మీద జరిగిన చిన్న పరీక్షలో ఎక్మో దొరికిన 14 మందిలో ఆరుగురు, దొరకని 15 మందిలో ఒక్కరు బతికి ఆసుపత్రి దాటారు. అంటే ఇక్కడ గీత చెప్పేది "ఆపండి" అని కాదు, "ఈ మనిషిని ఇంకోచోటికి చేర్చండి" అని.

7. గీత పక్కన పెట్టాల్సిన మిగతా సంగతులు

ఎవరైనా కూలడం చూశారా? వెంటనే ఛాతీ నొక్కారా? ఎంతసేపయింది? ఈ మూడూ తెలియకుండా గీతను మాత్రమే చూసి చెప్పే అంచనా సగమే.

వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొలత మీకున్న మంచి తోడు. 1997లో పీఈఏ రోగుల మీద వచ్చిన పరిశీలనలో 20 నిమిషాల సీపీఆర్ తర్వాత అది 10 మిల్లీమీటర్ల పాదరసం (mmHg) దాటనివాళ్లలో ఎవరూ బతకలేదు. శ్వాస గొట్టం సరైన చోట ఉందని, బాగా నొక్కుతున్నారని తేలాకే ఆ అంకెను నమ్మండి.

ఆసుపత్రి బయట ప్రయత్నం ఎప్పుడు ఆపాలన్నదానికి కెనడాలో పరీక్షించి 2006లో ప్రచురించిన నియమం చాలాచోట్ల వాడుకలో ఉంది. అంబులెన్స్ సిబ్బంది కళ్లముందు కూలలేదు, నాడి తిరిగి రాలేదు, ఒక్క షాక్ కూడా ఇవ్వాల్సి రాలేదు: ఈ మూడూ నిజమైతే బతికే అవకాశం అతి స్వల్పం. చూడండి, ఇందులో మూడోది పూర్తిగా గీత చెప్పిన మాటే. ఆ పరీక్షలో నియమం "ఆపవచ్చు" అన్నవాళ్లు 776 మంది. వాళ్లలో నలుగురు బతికారు. నేను ఈ నియమాన్ని నమ్ముతాను, వాడతాను. వాడిన ప్రతిసారీ ఆ నలుగురు గుర్తొస్తారు, అందుకే విషం, చలి, నీటమునక, గర్భం, పసితనం వంటివి ఉంటే దాన్ని పక్కన పెడతాను.

ఇంకో చిక్కు ఉంది. గీత చూసి మనం ముందే ఆశ వదులుకుంటే చేతులు నెమ్మదిస్తాయి, తొందరగా ఆపేస్తాం, మనిషి చనిపోతాడు, "చూశారా, ఆ గీతతో ఎవరూ బతకరు" అని లెక్కల్లో చేరుతుంది. పాత అంకెల్లో ఈ లోపం ఎంతో కొంత ఉండే ఉంటుంది. కాబట్టి ఆపాలన్న నిర్ణయం చెప్పేదాకా మీ అంచనాను చేతుల దాకా రానివ్వకండి.

8. గుండె తిరిగి కొట్టుకోవడం మొదలయ్యాక

వెంటనే 12 లీడ్ల ఈసీజీ తీసి ఎస్‌టీ లేచిందని (గుండెపోటు గుర్తు), గుండె రక్తనాళాలు తెరిచే క్యాథ్ ల్యాబ్‌కి పరుగెత్తాలనిపిస్తుంది. కాస్త ఆగండి. 2021లో వచ్చిన పరిశీలనలో గుండె తిరిగి కొట్టుకున్న మొదటి ఏడు నిమిషాల్లో తీసిన ఈసీజీల్లో 18.5 శాతం తప్పుగా గుండెపోటును చూపాయి. 8 నుంచి 33 నిమిషాల మధ్య తీస్తే అది 7.2 శాతానికి తగ్గింది. ఇప్పుడే ఆకలి తీరుతున్న కండరం, షాకులు తిన్న కండరం, అడ్రినలిన్ మత్తులో ఉన్న కండరం గీతను వంకర చేస్తాయి. కనీసం ఎనిమిది నిమిషాలు ఆగి తీయండి, లేదా ముందు తీసినది ఉంటే మళ్లీ తీయండి. క్యూటీ (క్యూఆర్‌ఎస్ మొదలు నుంచి టీ అల చివరి దాకా) పొడవు కూడా కొలిచి రాయండి.

ఇక్కడినుంచి మనిషి బతుకుతాడా, మామూలుగా లేస్తాడా అన్నది ఎక్కువగా మెదడు మీద ఆధారపడుతుంది, దాని గురించి గుండె గీత దాదాపు ఏమీ చెప్పదు. ఎంత చక్కటి సైనస్ (సహజమైన) లయ వచ్చినా బంధువులతో "బాగైపోతాడు" అనకండి. మెదడు విషయం తేల్చడానికి కనీసం 72 గంటలు ఆగి, కనుపాపలు, ఈఈజీ, నరాల పరీక్ష, స్కానింగ్ అన్నీ కలిపి చూడాలి.

9. బయట ఎదురుచూస్తున్నవాళ్లకు చెప్పడం

శాతాలు చెప్పకండి. తలుపు అవతల నిలబడ్డ మనిషికి 11 శాతం అంటే ఏమీ అర్థం కాదు, లేదా దాన్నే పట్టుకుని వేలాడతారు. వీఎఫ్ అయితే, "గుండె ఇంకా మా మాట వినే స్థితిలోనే ఉందమ్మా, షాకులు ఇస్తున్నాం, కాని పరిస్థితి చాలా ప్రమాదంగా ఉంది" అనండి. అసిస్టోలీ అయి ఇరవై నిమిషాలు దాటితే, "అన్నీ చేస్తున్నామండీ, గుండె స్పందించడం లేదు, మీరు మనసు సిద్ధం చేసుకోవాలి" అని నెమ్మదిగా, కూర్చోబెట్టి చెప్పండి. "చనిపోయారు" అనే మాట అవసరమైనప్పుడు ఆ మాటే వాడండి. "లేరు", "అయిపోయింది" లాంటివి ఆ క్షణంలో చెవికెక్కవు.

పీఈఏలో బంధువులు లోపలికి వస్తే తెర వైపే చూస్తారు. "గీత కదులుతోంది కదా డాక్టరుగారూ" అంటారు. అప్పుడు చెప్పాల్సింది ఇది: "అది కరెంటు మాత్రమేనండీ. గుండె కండరం ముడుచుకుని రక్తాన్ని తోయడం లేదు, అందుకే నాడి లేదు." ప్రయత్నం ఆపాక కూడా కొన్ని నిమిషాలు చెదురుమదురుగా వెడల్పాటి క్యూఆర్‌ఎస్‌లు రావచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకైతే దాని నిలువు గీతలు ఎంతసేపైనా వస్తూనే ఉంటాయి, ఎందుకంటే బ్యాటరీకి మనిషి పోయిన సంగతి తెలియదు.

అరుదుగా, ఆపేశాక గుండె తనంతట తానే తిరిగి కొట్టుకున్న కేసులు ఉన్నాయి. అందుకే ఆపిన తర్వాత కనీసం ఐదు నిమిషాలు, వీలైతే పది నిమిషాలు గీతనూ నాడినీ గమనిస్తూ అక్కడే ఉండండి. ఆ సమయంలో ఎవరికీ ఏమీ ప్రకటించకండి. తర్వాత ఆఖరి స్ట్రిప్ తీసి, సమయం రాసి, మొదటి స్ట్రిప్ పక్కనే ఫైల్లో అంటించండి. మానిటర్ ఆపేసి, వైర్లు తీసి, దుప్పటి సర్ది, అప్పుడు తలుపు తెరిచి వాళ్లను లోపలికి పిలవండి.